క్యాలిక్యులస్ ఒక్క సెమిస్టర్ చాలు, స్టాటిస్టిక్స్ మాత్రం వదలొద్దు

మన దగ్గర పదో తరగతి అయిన వేసవిలోనే లెక్కలు ఒకదారి, వైద్యం ఒకదారి అయిపోతాయి. ఎంపీసీ అంటే ఇంజనీరు, బైపీసీ అంటే డాక్టరు. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 90 బయాలజీ, 45 ఫిజిక్స్, 45 కెమిస్ట్రీ. మ్యాథ్స్ అనే మాటే ఉండదు. ఈ లెక్కతో పెరిగిన తల్లిదండ్రులు అమెరికాలో పిల్లలు ప్రీమెడ్ (మెడికల్ స్కూలుకు ముందు డిగ్రీలో చదివే కోర్సులు) అనగానే రెండు రకాలుగా పొరబడుతుంటారు. బైపీసీ వైపు నుంచి వచ్చినవాళ్లు "డాక్టరుకి మ్యాథ్స్ దేనికి, వదిలెయ్" అంటారు. ఎంపీసీ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్లు "క్యాలిక్యులస్ 3 దాకా వెళ్లకపోతే ఏం బాగుంటుంది" అంటారు. పిల్లలు పాపం ఈ రెండు మాటల మధ్య నలిగి, కోర్సులు రిజిస్టర్ చేసే రోజున స్నేహితులు ఏం తీసుకుంటే అదే తీసుకుంటారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మెడికల్ స్కూలుకు వెళ్లాలనుకునే పిల్లలకు వదలకూడని లెక్కల కోర్సు స్టాటిస్టిక్స్. క్యాలిక్యులస్ ఒక సెమిస్టర్, అదీ మంచి గ్రేడుతో వచ్చేట్టు తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. అంతకుమించి వెళ్లడం ఇష్టం ఉంటేనో, మేజర్‌కి, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టుకి అవసరమైతేనో. మెడికల్ స్కూలు వాళ్లు మెచ్చుకుంటారని మాత్రం వెళ్లకూడదు.

ముందుగా తెలుసుకోవాల్సింది, అమెరికాలో అన్ని మెడికల్ స్కూళ్లకూ కలిపి ఒకే నియమం లేదు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్ విషయంలో చాలా స్కూళ్లు దాదాపు ఒకే మాట చెప్తాయి. మ్యాథ్స్ దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వాళ్లది. కొన్ని అసలేమీ అడగవు. కొన్ని "క్యాలిక్యులస్ లేదా స్టాటిస్టిక్స్" అంటాయి, కొన్ని రెండూ అంటాయి. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లకు ఉమ్మడిగా దరఖాస్తు చేసే టీఎండీఎస్ఏఎస్‌లో ఒక సెమిస్టర్ స్టాటిస్టిక్స్ అడుగుతారు, 3 క్రెడిట్ గంటలు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ స్కూళ్లు కనీసం 90 శాతం సీట్లు టెక్సాస్ వాసులకే ఇవ్వాలి. అక్కడి పిల్లలకు అందుబాటులో ఉన్న పెద్ద అవకాశం అదే. క్యాలిక్యులస్ 2 దాకా చదివి స్టాటిస్టిక్స్ తీసుకోకపోతే ఆ దరఖాస్తులో ఒక గడి ఖాళీగా ఉండిపోతుంది.

రెండో చివర హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపే హెల్త్ సైన్సెస్ అండ్ టెక్నాలజీ ట్రాక్ ఉంది. అందులో చేరేవాళ్లకు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా దాకా గణితం వచ్చి ఉండాలంటారు, ఫిజిక్స్ కూడా క్యాలిక్యులస్‌తో చదివినదే కావాలంటారు. అది కొద్దిమందికే పనికొచ్చే దారి. మన పిల్లలు అందరూ ఆ దారిలో పోతున్నట్టు కోర్సులు ఎంచుకోవడమే సమస్య.

కాబట్టి మొదటి పని ఒక పట్టిక. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వాళ్లు నడిపే ఎంసార్ అనే డేటాబేస్‌లో ఎండీ డిగ్రీ ఇచ్చే ప్రతి స్కూలూ ఏ కోర్సులు తప్పనిసరి అంటుందో, ఏవి సిఫారసు మాత్రమే చేస్తుందో విడివిడిగా ఉంటుంది. ఈ రెండు మాటల తేడా జాగ్రత్తగా చూడాలి. కాలేజీ మొదటి సంవత్సరం మొదట్లోనే కూర్చుని, సొంత రాష్ట్రంలోని స్కూళ్లన్నీ, బయటివి ఇంకో పది రాసుకోండి. ఒక్కోదానికి నాలుగు గడులు: క్యాలిక్యులస్ అడుగుతుందా, స్టాటిస్టిక్స్ అడుగుతుందా, ఏపీ (హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి పరీక్షల) క్రెడిట్ ఒప్పుకుంటుందా, ఆన్‌లైన్ లేదా కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఒప్పుకుంటుందా. ఒక ఆదివారం సాయంత్రం పని ఇది. ఏడాదికోసారి మళ్లీ చూసుకోవాలి, నియమాలు మారుతుంటాయి. ఎంసార్‌లో ఉన్నదానికీ స్కూలు సొంత పేజీలో ఉన్నదానికీ తేడా కనిపిస్తే అడ్మిషన్స్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబు దాచుకోండి.

దీనికి తోడు కాలేజీ నియమాలు వేరే ఉంటాయి. మెడికల్ స్కూలు క్యాలిక్యులస్ అడగకపోయినా బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ, న్యూరోసైన్స్ మేజర్లు అడుగుతాయి. చాలామంది పిల్లలు క్యాలిక్యులస్ చదివేది నిజానికి మేజర్ కోసమే. ఇక్కడ కొన్ని యూనివర్సిటీల్లో మంచి మార్గం ఉంది. యూసీఎల్ఏలో లైఫ్ సైన్సెస్ 30ఏ, 30బీ అని జీవశాస్త్రం చదివేవాళ్ల కోసమే గణితం కోర్సులు పెట్టారు. అందులో క్యాలిక్యులస్ భావాలను జంతువుల సంఖ్య పెరగడం, తరగడం లాంటి జీవ వ్యవస్థల మోడళ్ల మీదుగా నేర్పుతారు. మీ కాలేజీలో ఇలాంటిది ఉంటే ఇంజనీర్లతో కలిసి కూర్చునే క్యాలిక్యులస్ కంటే అదే మేలు. కాకపోతే అది మీ పట్టికలోని స్కూళ్ల దృష్టిలో క్యాలిక్యులస్ కిందికి వస్తుందో లేదో ముందే అడగండి. బిజినెస్ క్యాలిక్యులస్ మాత్రం తేలికని తీసుకోవద్దు. సైన్స్ మేజర్లు సాధారణంగా దాన్ని ఒప్పుకోవు, దాని మీద క్యాలిక్యులస్ 2కి వెళ్లడమూ కష్టమే.

ఇప్పుడు మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ సంగతి. "ఎంక్యాట్ కోసమైనా క్యాలిక్యులస్ కావాలి కదా" అనే మాట తరచుగా వినిపిస్తుంది. అక్కర్లేదు. ఆ పరీక్షలో క్యాలిక్యులస్ రాదని నిర్వాహకులే స్పష్టంగా రాశారు. రావాల్సింది వేరే ఉంది. క్యాలిక్యులేటర్ ఇవ్వరు. ఒక్కో సైన్స్ విభాగంలో 95 నిమిషాల్లో 59 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి దాదాపు 97 సెకన్లు, అందులోనే చదవడం కూడా. భిన్నాలు, ఘాతాలు, సంవర్గమానాలు, యూనిట్లు మార్చడం, ట్రిగ్, వెక్టర్లు చేతిమీద ఆడాలి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. హైడ్రోజన్ అయాన్ గాఢత 4 × 10⁻⁵ అని ఇచ్చి పీహెచ్ అడిగారు. సంవర్గమానం అంటే ఏమిటో తెలిసిన అమ్మాయి 4కి లాగ్ 0.6 అని గుర్తుచేసుకుని, 5 లోంచి 0.6 తీసేసి 4.4 అని ఐదు సెకన్లలో రాస్తుంది. ఏపీ క్యాలిక్యులస్ బీసీ పరీక్షలో 5 తెచ్చుకున్నా అన్నీ క్యాలిక్యులేటర్ మీద నొక్కడం అలవాటైన అబ్బాయి అక్కడే ఆగిపోతాడు. రక్తం పీహెచ్ కూడా ఇదే లెక్క. బైకార్బనేట్ 24, కార్బన్ డయాక్సైడ్ పీడనం 40. ఆ 40ని 0.03తో గుణిస్తే 1.2. 24ని 1.2తో భాగిస్తే 20. 20కి లాగ్ 1.3. పీకేఏ 6.1కి అది కలిపితే 7.4, ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం పీహెచ్. ఇందులో ఇంటర్ స్థాయి దాటిన గణితం ఒక్క ముక్క లేదు. కానీ రోజూ చేతితో చేసి ఉండాలి.

డాక్టరయ్యాక లెక్క తప్పేదీ ఇక్కడే, ఇంటిగ్రేషన్ దగ్గర కాదు. 1 శాతం లిడోకైన్ అంటే 100 మిల్లీలీటర్లలో 1 గ్రాము, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మందు పదిరెట్లవుతుంది. ప్రీకాలిక్యులస్ పునాది బలంగా లేని పిల్లల్ని ప్లేస్‌మెంట్ పరీక్షలో ఎలాగోలా నెట్టుకొచ్చి క్యాలిక్యులస్‌లో కూర్చోబెట్టడం అందుకే నాకు నచ్చదు. చాలా కాలేజీలు అలెక్స్ అనే ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతాయి. అది ఇంట్లో కూర్చుని రాసేటప్పుడు పక్కనుంచి నాన్నగారు సాయం చేయకూడదు. ఆ సాయం వల్ల వచ్చే నష్టం అక్టోబరులో మొదటి మిడ్‌టర్మ్ రోజు బయటపడుతుంది.

ఎంక్యాట్ సైన్స్ విభాగాల్లో దాదాపు 10 శాతం ప్రశ్నలు డేటాను, గణాంకాలను అర్థం చేసుకునే నైపుణ్యానికి కేటాయించారు. గ్రాఫు ఇచ్చి ఇందులో ఏం తేలింది, ఏం తేలలేదు అని అడుగుతారు. తర్వాత వచ్చే లైసెన్సింగ్ పరీక్ష స్టెప్ 1లో కూడా బయోస్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ ఉంటాయి. అంటే స్టాటిస్టిక్స్ ఒకసారి చదివితే దరఖాస్తుకి, ఎంక్యాట్‌కి, స్టెప్ 1కి, ఆపైన జీవితమంతా పనికొస్తుంది.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, ఈ లెక్క చూడండి. ఒక జబ్బు 1000 మందిలో 10 మందికి ఉంది. దానికో పరీక్ష ఉంది. జబ్బున్నవాళ్లలో 90 శాతం మందిని సరిగ్గా పట్టుకుంటుంది, లేనివాళ్లలో 90 శాతం మందికి లేదనే చెప్తుంది. ఒకాయనకు పాజిటివ్ వచ్చింది. ఆయనకు జబ్బు ఉండే అవకాశం ఎంత? చాలామంది 90 శాతం అంటారు. కాగితం తీసి రాయండి. ఆ 10 మందిలో 9 మందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 990 మందిలో 10 శాతం, అంటే 99 మందికి జబ్బు లేకుండానే పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 108. అందులో నిజంగా జబ్బున్నవాళ్లు 9. అంటే 8 శాతం చిల్లర. ఎదురుగా కూర్చున్న మనిషికి "మీకు ఈ జబ్బు ఉంది" అని చెప్పడానికీ, "ఇంకో పరీక్ష చేసి చూద్దాం, ఇప్పుడే కంగారు పడకండి" అని చెప్పడానికీ ఉన్న తేడా ఈ నాలుగు లైన్ల కూడిక, భాగహారమే. ఇది రాని డాక్టరు చేతిలో ఎంత ఖరీదైన పరీక్ష ఉన్నా రోగికి హాని జరుగుతుంది.

మందుల కంపెనీ ప్రతినిధి వచ్చి "మా మందుతో గుండెపోటు 50 శాతం తగ్గింది" అంటాడు. 100 మందిలో 2 గుండెపోట్లు వచ్చేచోట 1 వచ్చింది, అంతే. 100 మంది ఆ మందు వాడితే ఒక్కరికి లాభం. 50 శాతం అన్న మాటా నిజమే, 100లో ఒక్కరు అన్న మాటా నిజమే. రెండో మాట అడగడం స్టాటిస్టిక్స్ క్లాసులో నేర్చుకోవాలి.

అయితే స్టాటిస్టిక్స్ అని పేరున్న ప్రతి కోర్సూ ఇది నేర్పదు. ఒకే కాలేజీలో మూడు నాలుగు చోట్ల అదే పేరుతో కోర్సులుంటాయి: మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో, సైకాలజీలో, బిజినెస్‌లో, పబ్లిక్ హెల్త్‌లో. ముందు ప్రీరిక్విజిట్ లైను చూడండి. కాలేజ్ ఆల్జీబ్రా అని ఉంటే అది పరిచయ కోర్సు. క్యాలిక్యులస్ 2 అని ఉంటే అది మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ మేజర్ల కోసం పెట్టిన ప్రాబబిలిటీ సిద్ధాంతం అయ్యుండొచ్చు. అందులో మొమెంట్ జనరేటింగ్ ఫంక్షన్లు వస్తాయి, వైద్య పత్రిక చదవడం మాత్రం రాదు. తర్వాత పాత సిలబస్ అడిగి తెప్పించుకోండి. కండిషనల్ ప్రాబబిలిటీ, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, టీ టెస్ట్, కై స్క్వేర్, అనోవా, రిగ్రెషన్ ఉండాలి. లాజిస్టిక్ రిగ్రెషన్ కూడా ఉంటే ఇంకా మంచిది, వైద్య పరిశోధనల్లో అది అడుగడుగునా కనిపిస్తుంది. ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో నిజమైన డేటాతో పని చేయిస్తారా, లేక ఫార్ములా కాగితం పెట్టుకుని అంకెలు పూరించడమేనా? రెండో రకం కోర్సులో 'ఏ' గ్రేడు తెచ్చుకున్న పిల్లలకు కూడా రిలేటివ్ రిస్క్ 0.80, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.62 నుంచి 1.03 అని చూపిస్తే "20 శాతం తగ్గింది" అని చెప్పేస్తారు. రిలేటివ్ రిస్క్ 1 అంటే తేడా ఏమీ లేదని; ఆ ఇంటర్వెల్ 1ని దాటింది, కాబట్టి మేలు జరిగిందని ఈ అధ్యయనం బట్టి తేల్చలేం అని చెప్పగలగాలి.

నన్ను అడిగితే, పబ్లిక్ హెల్త్ లేదా బయాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్ల బయోస్టాటిస్టిక్స్ మొదటి ఎంపిక, స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ పరిచయ కోర్సు రెండోది. సైకాలజీ వాళ్లది చెడ్డదని కాదు, చాలాచోట్ల బాగా చెప్తారు, కానీ కొన్ని మెడికల్ స్కూళ్లు లెక్కలోకి తీసుకుంటాయో లేదో అడగాల్సి వస్తుంది. రెండు డిపార్ట్‌మెంట్లలో రెండు పరిచయ కోర్సులు మాత్రం తీసుకోవద్దు. విషయం ఒకటే కాబట్టి చాలా కాలేజీలు ఒకదానికే క్రెడిట్ ఇస్తాయి.

గ్రేడుల విషయం ఇంతకంటే సున్నితం. ఎండీ స్కూళ్లకు దరఖాస్తు చేసే ఆమ్‌క్యాస్‌లో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి బీసీపీఎం అని వేరే జీపీఏ లెక్కిస్తారు. స్టాటిస్టిక్స్, బయోస్టాటిస్టిక్స్ రెండూ అందులో మ్యాథ్స్ కిందికే వస్తాయి. కోర్సు ఏ డిపార్ట్‌మెంట్‌దని కాకుండా అందులో ప్రధానంగా ఏముందో చూసి వర్గీకరిస్తారు. ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ ఇచ్చే డీవో స్కూళ్ల దరఖాస్తు ఆకోమాస్‌లో మ్యాథ్స్ సైన్స్ జీపీఏలో కలవదు, మొత్తం జీపీఏలో కలుస్తుంది.

40 క్రెడిట్ల సైన్స్ కోర్సుల్లో 3.7 ఉన్న అమ్మాయిని తీసుకోండి. గ్రేడ్ పాయింట్లు 148. సరదాగా 4 క్రెడిట్ల క్యాలిక్యులస్ 3 తీసుకుంది, సీ వచ్చింది, అంటే క్రెడిట్‌కి 2 పాయింట్లు. 148కి 8 కలిపితే 156, దాన్ని 44తో భాగిస్తే 3.55. ఒక్క కోర్సుతో 3.7 కాస్తా 3.55 అయింది. సరే, మళ్లీ రాసి 'ఏ' గ్రేడు తెచ్చుకుంటాను అంటుంది. ఆమ్‌క్యాస్ పాతదాన్ని చెరపదు, రెండూ లెక్కేస్తుంది. 156కి 16 కలిపి 48తో భాగిస్తే 3.58. ఒక సెమిస్టర్ పోయింది, పెరిగింది 0.03. కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో పాత గ్రేడు తీసేసినా దరఖాస్తులో అది ఉంటుంది. ఈ ఒక్క లెక్క పిల్లలతో కూర్చుని వేసి చూపిస్తే క్యాలిక్యులస్ 3 గురించి ఇంట్లో వాదన సగం తగ్గుతుంది.

ఇంకో పెద్ద పొరపాటు హైస్కూల్లోనే మొదలవుతుంది. డ్యూయల్ క్రెడిట్ పేరుతో పదకొండో తరగతిలో కమ్యూనిటీ కాలేజీ కోర్సులు తీసుకుంటారు. అక్కడ కాలేజ్ ఆల్జీబ్రాలోనో ప్రీకాలిక్యులస్‌లోనో వచ్చిన బీ, సీలు హైస్కూలుతో పోవు. అవి కాలేజీ గ్రేడులు. ఐదేళ్ల తర్వాత మెడికల్ స్కూలు దరఖాస్తులో ఆ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా పెట్టాలి, ఆ గ్రేడు జీపీఏలో కలుస్తుంది. పదహారేళ్ల పిల్లవాడు ఊరికే చేరిన కోర్సు కింద ఇంత బరువుందని ముందు ఎవరూ చెప్పరు.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే ఏపీ పరీక్షలది వేరే సంగతి. అందులో వచ్చిన 4, 5లకు కాలేజీ క్రెడిట్ ఇస్తుంది, గ్రేడు ఉండదు కాబట్టి జీపీఏకి లాభమూ లేదు, నష్టమూ లేదు. క్యాలిక్యులస్‌కి ఏపీ క్రెడిట్ ఉండి, మీ పట్టికలో ఎక్కువ స్కూళ్లు ఒప్పుకుంటే దాన్ని వాడేయండి. మళ్లీ క్యాలిక్యులస్ 1 కూర్చుంటే కాలేజీ ఆ ఏపీ క్రెడిట్ రద్దు చేయొచ్చు. క్రెడిట్ వాడుకోవాలంటే అది మీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద కోర్సు పేరుతో, యూనిట్లతో కనపడాలి. కొన్ని స్కూళ్లు ఏపీ ఉంటే దానిపైన ఒక కోర్సు కాలేజీలో చేయమంటాయి. ఆ పైకోర్సుగా క్యాలిక్యులస్ 2 బదులు బయోస్టాటిస్టిక్స్ సరిపోతుందేమో ముందు అడగండి. ఏపీ స్టాటిస్టిక్స్ ఉన్నవాళ్లకు కూడా నా సలహా ఇదే: క్రెడిట్ దాచుకుని, కాలేజీలో దానిపై స్థాయి బయోస్టాటిస్టిక్స్ ఒకటి తీసుకోండి. పదకొండో తరగతిలో చదివింది ఎంక్యాట్ నాటికి గుర్తుండదు.

ఇక ఏ సెమిస్టర్‌లో ఏది? క్యాలిక్యులస్ కావాల్సినవాళ్లు మొదటి ఏడాదే తీసుకోవాలి, హైస్కూలు లెక్కలు ఇంకా చేతిలో ఉండగా. కానీ జనరల్ కెమిస్ట్రీ ల్యాబ్, బయాలజీ ల్యాబ్, క్యాలిక్యులస్ మూడూ మొదటి ఫాల్‌లోనే వద్దు. బయాలజీని స్ప్రింగ్‌కి జరపండి. స్టాటిస్టిక్స్ రెండో ఏడాదిలో, రీసెర్చ్ ల్యాబ్‌లో చేరేముందు లేదా చేరిన సెమిస్టర్‌లో. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఉన్న టర్మ్‌లో పక్కన పెట్టుకోదగ్గ కోర్సు అది. ఫిజిక్స్ ఆల్జీబ్రాతో నేర్పేది చాలు, మేజర్ పట్టుబడితే తప్ప. ఇండియాలో బైపీసీ చదివి ఇక్కడ డిగ్రీకి వచ్చే పిల్లలు ప్రీకాలిక్యులస్‌తోనే మొదలుపెట్టాలి. రెండేళ్లు లెక్కలు వదిలేసినవాళ్లకు అది వెనక్కి వెళ్లడం కాదు, కెమిస్ట్రీకి, ఫిజిక్స్‌కి కావాల్సిన పనిముట్లు తెచ్చుకోవడం.

క్యాలిక్యులస్‌లో ఏం పట్టుకోవాలో కూడా చెప్తాను. శరీరంలోంచి చాలా మందులు బయటికి పోయే వేగం, ఆ క్షణంలో ఎంత మందు ఉందో దానిమీద ఆధారపడుతుంది. ఉన్నది సగమైతే వేగమూ సగమవుతుంది. ఇది అర్థమైతే హాఫ్ లైఫ్ బట్టీ పట్టక్కర్లేదు. ఐదు హాఫ్ లైఫ్‌లకు మిగిలేది ముప్పైరెండో వంతు, 3 శాతం. ఈ మార్పు వేగం అనే ఆలోచన క్యాలిక్యులస్ 1లో మొదటి రెండు నెలల్లోనే వస్తుంది. ట్రిగ్ సబ్‌స్టిట్యూషన్లతో ఇంటిగ్రేషన్ చేసే క్యాలిక్యులస్ 2 వైద్యంలో ఎక్కడా ఎదురుపడదు. ఎండీ-పీహెచ్‌డీ చేసి ఇమేజింగ్‌లోకో, కంప్యుటేషనల్ బయాలజీలోకో వెళ్లాలనుకునేవాళ్లకు, బయోమెడికల్ ఇంజనీరింగ్ మేజర్లకు మాత్రం పై గణితం అంతా కావాలి. వాళ్లు లీనియర్ ఆల్జీబ్రాను కూడా వదలకూడదు.

కోర్సులో చేరాక మొదటి మిడ్‌టర్మ్ ఫలితం నిర్ణయం తీసుకునే రోజు. మార్కులు తక్కువొస్తే ముందు పేపరు తెచ్చుకుని తప్పులు రెండు గుంపులుగా విడదీయాలి: ఆల్జీబ్రా తప్పులు, కొత్త విషయం తప్పులు. కొత్త విషయంలో తప్పులైతే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి సరిదిద్దుకోవచ్చు. సగానికిపైగా ఆల్జీబ్రావే అయితే ఆ సెమిస్టర్‌లో అది సర్దుకోదు, విత్‌డ్రా గడువులోపల బయటికి రావడం మేలు. అలా మానేస్తే పడే డబ్ల్యూ జీపీఏలో కలవదు. డబ్ల్యూ ఒక్కటి ఉంటే ఎవరూ పట్టించుకోరు, వరసగా నాలుగుంటే అడుగుతారు. పాస్-ఫెయిల్‌కి మార్చుకోవడం మాత్రం వద్దు, తప్పనిసరి కోర్సుకు చాలా స్కూళ్లు అక్షరం గ్రేడే అడుగుతాయి.

కోర్సు అయిపోయాక దాని సిలబస్ పీడీఎఫ్ పడేయకండి. సైకాలజీ కోడ్‌తోనో లైఫ్ సైన్స్ కోడ్‌తోనో ఉన్న కోర్సును మ్యాథ్స్‌గా చూపించాల్సి వచ్చినప్పుడు, మూడేళ్ల తర్వాత ఏదైనా అడ్మిషన్స్ ఆఫీసు "ఇందులో ఏం చదివారు" అని అడిగినప్పుడు పంపాల్సింది అదే. కోర్సు నంబరు, సెమిస్టర్, క్రెడిట్లు ఫైలు పేరులోనే పెట్టి, ఎంసార్ పట్టిక ఉన్న ఫోల్డర్‌లోనే దాచండి.